షడ్జం దొరకని చోటు

హార్మోనియంలో ఒకటి, రెండున్నర, నాలుగున్నర, ఆరు శ్రుతుల మెట్లు నాలుగూ ఒకేసారి నొక్కి తిత్తి కదపండి. పాత సినిమాల్లో చీకటి గదిలోకి ఎవరో అడుగు పెట్టబోతుంటే వినిపించే మోత అదే. మూకీల కాలంలో తెర పక్కన కూర్చుని పియానో వాయించినవాళ్ళు కూడా ప్రతినాయకుడు కనబడగానే ఇలాంటి మోతనే అందుకునేవాళ్ళు. పాశ్చాత్యులు దాన్ని డిమినిష్డ్ సెవెన్త్ కార్డు అంటారు. ఆ మోత ఆగకుండానే ఒక ప్రశ్న వేసుకోండి: ఈ నాలుగింటిలో షడ్జం ఏది? ఎంతసేపు విన్నా తేలదు. చెవికి సాధన చాలక తేలకపోవడం కాదిది, మహా విద్వాంసుడికైనా తేలదు. దాని వెనక ఒక లెక్క ఉంది. ఈ అధ్యాయం ఆ లెక్క గురించి.

ముందు మెట్ల పేర్లు చూద్దాం. పద్యనాటకాల హార్మోనిస్టులు ఫలానా నటుడిది నాలుగున్నర శ్రుతి, ఫలానా ఆమెది ఆరు అంటుంటారు కదా. ఆ అంకెల్లో తెల్లమెట్లు ఒకటి నుంచి ఏడు దాకా పూర్ణాంకాలు. నల్లమెట్లు వాటి మధ్య అరలు: ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడుకీ నాలుగుకీ నడుమ నల్లమెట్టు లేదు కాబట్టి మూడున్నర శ్రుతి అన్న మాట ఎక్కడా వినపడదు. ఏడున్నర కూడా అంతే. ఏడు తెల్లవి, ఐదు నల్లవి, మొత్తం పన్నెండు. పదమూడోది మళ్ళీ ఒకటే, కాకపోతే తారస్థాయిలో.

తిరిగి మొదటికే వస్తున్నాయి కాబట్టి ఆ పన్నెండింటినీ వరసలో కాక గుండ్రంగా, గడియారం ముఖం మీది అంకెల్లా ఊహించుకోవడం మేలు. ఇప్పుడు మన నాలుగు మెట్లూ ఆ గుండ్రంలో ఎక్కడున్నాయో చూడండి. ఒకటి నుంచి రెండున్నరకి మూడు మెట్ల దూరం. అక్కణ్ణుంచి నాలుగున్నరకి మూడు. అక్కణ్ణుంచి ఆరుకి మూడు. ఆరు నుంచి పై ఒకటికి మళ్ళీ మూడు. గుండ్రంలో గీసిన చతురస్రం అది. చతురస్రాన్ని పావు వంతు తిప్పితే తిప్పినట్టే తెలియదు. ఏ మూల మొదటి మూలో చతురస్రాన్ని చూసి చెప్పలేనట్టే, ఏ మెట్టు షడ్జమో ఈ కార్డుని విని చెప్పలేం. మన పేర్లతో అయితే అవి షడ్జం, సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం, చతుశ్రుతి ధైవతం. గాంధారాన్ని షడ్జం అనుకుని మొదలుపెట్టినా అవే నాలుగు మెట్లు, అవే నాలుగు పేర్లు.

దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది. మామూలు కార్డుని పన్నెండు శ్రుతుల్లోనూ వాయిస్తే పన్నెండు వేర్వేరు మెట్ల గుంపులు వస్తాయి. డిమినిష్డ్ సెవెన్త్‌కి మాత్రం హార్మోనియం మొత్తం మీద మూడే గుంపులు. మొదటిది చూశాం. రెండోది ఒకటిన్నర, మూడు, ఐదు, ఆరున్నర. మూడోది రెండు, నాలుగు, ఐదున్నర, ఏడు. ఆ పైన మళ్ళీ మొదటిదే వస్తుంది.

మూడుకి బదులు నాలుగేసి మెట్లు దాటితే త్రిభుజం వస్తుంది: ఒకటి, మూడు, ఐదున్నర. షడ్జం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం. దీని పేరు ఆగ్‌మెంటెడ్ కార్డు. ఇలాంటి త్రిభుజాలు నాలుగే ఉంటాయి. రెండేసి దాటితే ఆరు మూలల బొమ్మ, అంటే హోల్ టోన్ స్కేలు: ఒకటి, రెండు, మూడు, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. అవి రెండే రెండు. మొదటిదానిలో లేని ఆరు మెట్లూ కలిస్తే రెండోది. ఆరేసి దాటితే గుండ్రం సరిగ్గా సగానికి కోసిన గీత. పన్నెండుని శేషం లేకుండా భాగించే అంకెలు రెండు, మూడు, నాలుగు, ఆరు. ఈ సౌష్ఠవమంతా వాటి నుంచే పుడుతుంది.

ఇదంతా పరాయి సరుకని, మన రాగాలకి సంబంధం లేదని అనుకునే పాఠకుణ్ణి గోదావరి దాటించి కొవ్వూరు తీసుకెళ్ళాలని ఉంది. రాజమహేంద్రవరానికి ఎదుటి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో 1961లో పుట్టిన ఎం.ఎం. కీరవాణి 2023లో ఆస్కార్ అందుకున్నారు. ఆయన పేరు ఇరవై ఒకటో మేళకర్త పేరు. ఆ రాగం స్వరాలు ఇవి: షడ్జం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. ఒకటో శ్రుతిలో మెట్లు ఒకటి, రెండు, రెండున్నర, నాలుగు, ఐదు, ఐదున్నర, ఏడు. ఇందులోంచి నిషాదం, రిషభం, మధ్యమం, ధైవతం విడిగా తీయండి. ఏడు, రెండు, నాలుగు, ఐదున్నర. పైన చెప్పిన మూడో చతురస్రం పూర్తిగా ఇక్కడే ఉంది. ఇప్పుడు గాంధారం, పంచమం, నిషాదం తీయండి. రెండున్నర, ఐదు, ఏడు. నాలుగేసి మెట్ల త్రిభుజం అది. రెండు సౌష్ఠవ కార్డులూ ఒకే రాగంలో ఉన్నా కీరవాణి పాడేవాడికి షడ్జం ఎప్పుడూ తప్పిపోదు. పైగా కాకలి నిషాదం మీద గొంతు నిలిస్తే చాలు, శ్రోతకి పై షడ్జం వినకముందే వినిపిస్తుంది.

ఎందుకు తప్పిపోదు? దీనికి జవాబు చిన్నదే. ఒక స్వర సమూహాన్ని గుండ్రంలో కొంత తిప్పినా మళ్ళీ అదే కనపడాలంటే, గుండ్రం సమాన ముక్కలుగా విడిపోయి ప్రతి ముక్కలోనూ స్వరాలు ఒకేలా కూర్చుని ఉండాలి. ముక్కల సంఖ్య పన్నెండుని భాగించాలి, స్వరాల సంఖ్యనీ భాగించాలి. మేళకర్తకి స్వరాలు ఏడు. ఏడు ప్రధాన సంఖ్య. దాన్ని ఒకటీ, ఏడూ తప్ప మరేదీ భాగించదు. ఏడు పన్నెండుని భాగించదు. కాబట్టి డెబ్భైరెండు మేళకర్తల్లో ఒక్కదానికి కూడా ఈ తిరుగుడు సౌష్ఠవం ఉండే వీల్లేదు. ఒక్కో రాగం తీసి వెతకనక్కర్లేదు, ఈ నాలుగు వాక్యాలే నిరూపణ.

గ్రహభేదం అన్న మన పాత విద్య బతకడానికి కారణం ఇదే. ఒక రాగంలోని వేరొక స్వరాన్ని షడ్జంగా ఎంచుకుని అవే మెట్ల మీద నడిస్తే కొత్త రాగం వస్తుంది. కీరవాణి మధ్యమాన్ని షడ్జం చేస్తే హేమవతి, పంచమాన్ని చేస్తే వకుళాభరణం, ధైవతాన్ని చేస్తే కోసలం. ఐదు స్వరాల ఔడవ రాగాలకీ ఇదే లెక్క, ఐదు కూడా పన్నెండుని భాగించదు. మోహనం రిషభం నుంచి మధ్యమావతి, గాంధారం నుంచి హిందోళం, పంచమం నుంచి శుద్ధసావేరి, ధైవతం నుంచి శుద్ధధన్యాసి. ఒకే ఐదు మెట్ల మీద ఐదు రాగాలు, ఐదు స్వభావాలు. మోహనంలో మెట్ల దూరాలు రెండు, రెండు, మూడు, రెండు, మూడు. ఈ ఎగుడుదిగుడే లేకపోతే అయిదింటికి బదులు ఒక్కటే మిగిలేది.

డెబ్భైరెండు మేళకర్తల పేరెత్తగానే గోదావరి వాళ్ళకి గుర్తొచ్చేది మంగళంపల్లి బాలమురళీకృష్ణ. 1930 జూలై 6న కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టారు. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర చదువుకున్నారు. పదిహేనేళ్ళ ప్రాయానికే డెబ్భైరెండు మేళకర్తలూ పట్టుబడ్డాయి, ఆ రాగాలన్నిటిలోనూ కృతులు చేశారు. ‘జనకరాగ కృతి మంజరి’ 1952లో అచ్చయింది. ఆ వయసులో ఆ పని ఎంతటిదో తెలియాలంటే కనకాంగి, తానరూపి లాంటి వివాది మేళాలని ఒక్కసారి గొంతుతో పలకాలి. శుద్ధ రిషభం పక్కనే శుద్ధ గాంధారం, ఒకే మెట్టు ఎడంలో. వాటిని కలిపి పాడటమే కష్టం. అందులో సాహిత్యంతో, భావంతో కృతి నిలబెట్టడం మరీ కష్టం.

ఆ డెబ్భైరెండింటిలో తిరుగుడు సౌష్ఠవం లేదన్నాను గాని వేరే రకాల సౌష్ఠవం ఉంది, అదీ చాలా అందంగా ఉంది. మొదటిది జంట సౌష్ఠవం. షడ్జం నుంచి మధ్యమం దాకా పూర్వాంగం, పంచమం నుంచి పై షడ్జం దాకా ఉత్తరాంగం. మధ్యమం శుద్ధమైతే రెండూ సరిగ్గా ఐదేసి మెట్లు. కింది నడకే పైనా నడిచే రాగాలు ఎన్ని? మేళకర్తల పట్టికలో ఆరేసి మేళాలు ఒక చక్రం. చక్రాన్ని బట్టి రిషభ గాంధారాలు, చక్రంలోని వరస సంఖ్యని బట్టి ధైవత నిషాదాలు మారుతాయి. కాబట్టి మొదటి చక్రంలో మొదటిది, రెండో చక్రంలో రెండోది, ఇలా ఆరో చక్రంలో ఆరోది. 1 కనకాంగి, 8 హనుమతోడి, 15 మాయామాళవగౌళ, 22 ఖరహరప్రియ, 29 ధీరశంకరాభరణం, 36 చలనాట. ప్రతి రెండింటికీ మధ్య తేడా ఏడు. వేంకటమఖి పదిహేడో శతాబ్దంలో వేసిన పట్టికలో ఈ ఆరూ వాలుగీత మీద నిలబడి ఉంటాయి. తోడి, ఖరహరప్రియ, శంకరాభరణం లాంటి పెద్ద రాగాలు ఆ గీత మీదే కనబడటం కాకతాళీయమని నేననుకోను. కింద పాడిన సంచారానికి పైన అచ్చంగా జోడీ దొరకడం ఆలాపనకి గొప్ప వసతి.

రెండోది అద్దం సౌష్ఠవం. ఆరోహణలో దూరాలు ఎలా ఉన్నాయో అవరోహణలోనూ అదే వరసలో ఉండటం. ఖరహరప్రియలో దూరాలు రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి, రెండు. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. హార్మోనియం మీదే దీన్ని కళ్ళతో చూడొచ్చు. రెండో శ్రుతి మెట్టు దగ్గర వేలు పెట్టి కుడిఎడమలు చూడండి: ఇటు నల్లమెట్టు, అటు నల్లమెట్టు, ఆపైన ఇటు తెల్లది, అటు తెల్లది. తెలుపు నలుపుల వరస రెండు వైపులా అద్దంలో చూసినట్టే సాగిపోతుంది. ఆ మెట్టుని షడ్జం చేసుకుని తెల్లమెట్ల మీదే నడిస్తే వచ్చేది ఖరహరప్రియే. ఇలా అద్దం సౌష్ఠవం ఉన్న మేళాలూ ఆరే: తానరూపి, కోకిలప్రియ, మాయామాళవగౌళ, ఖరహరప్రియ, చారుకేశి, యాగప్రియ. ప్రతి మధ్యమ మేళాల్లో ఒక్కటీ లేదు. అక్కడ పూర్వాంగానికి ఆరు మెట్లు, ఉత్తరాంగానికి ఐదు, రెండు పక్కలా తూగవు.

జంటా అద్దమూ రెండూ ఉన్నవి రెండే రెండు, మాయామాళవగౌళ, ఖరహరప్రియ. మొదటిది పిల్లల తొలి పాఠం. సరళీ స్వరాలకి దాన్ని నిర్ణయించింది పురందరదాసు అని సంప్రదాయం చెబుతుంది. సరిగమ పట్టుబడ్డ గొంతు పదనిస కోసం కొత్తగా కష్టపడనక్కర్లేదు, అదే నడకని ఏడు మెట్లు పైకి జరిపితే చాలు. దిగేటప్పుడు ఎక్కినప్పటి దూరాలే ఎదురవుతాయి. అమలాపురంలోనో పెద్దాపురంలోనో పొద్దున్నే శ్రుతిపెట్టె ముందు కూర్చుని సరళీ వరసలు పలికే పిల్ల డెబ్భైరెండింటిలో అత్యంత తూకమున్న రెండు నిర్మాణాల్లో ఒకదాన్ని గొంతులోకి ఎక్కించుకుంటోంది. అందులో షడ్జ, అంతర గాంధార, శుద్ధ ధైవతాల త్రిభుజం కూడా దాగుంది. అయినా ఆ పిల్లకి షడ్జం తెలుసు. జంట సౌష్ఠవం, అద్దం సౌష్ఠవం షడ్జాన్ని చెరపవు. అద్దానికి మధ్యగీత కావాలి, అది షడ్జం మీదుగానే పోతుంది. తిరుగుడు సౌష్ఠవం ఒక్కటే అన్ని స్వరాలనీ సమానం చేసి ఇల్లు లేకుండా చేస్తుంది.

తిరుగుడు సౌష్ఠవమున్న రాగం కర్ణాటక సంగీతంలో అసలే లేదా అంటే ఉంది. గోప్రియ. అరవై రెండో మేళం రిషభప్రియలో పంచమాన్ని తీసేస్తే మిగిలేది. సరిగమదని, ఆరింటి మధ్యా రెండేసి మెట్లు. అచ్చంగా హోల్ టోన్ స్కేలే. దీనికి గ్రహభేదం చేసి చూడండి. రిషభం నుంచి గోప్రియ, గాంధారం నుంచి గోప్రియ, ఏ స్వరం నుంచి మొదలెట్టినా గోప్రియే. పంచమం ఎందుకు లేదో కూడా లెక్కే చెబుతుంది. షడ్జం నుంచి పంచమం ఏడు మెట్ల దూరం. రెండేసి గెంతుతూ వెళ్ళేవాడు ఏడు మీద ఎన్నటికీ కాలు పెట్టలేడు. మూడేసి గెంతినా, నాలుగేసి గెంతినా అంతే. మన చెవికి షడ్జం తరవాత షడ్జమంత ఆసరా పంచమం. షడ్జ పంచమ భావం మీదే మన సంవాదిత్వం నిలబడింది. సౌష్ఠవ నిర్మాణాలు ముందుగా పోగొట్టుకునేది ఆ ఆసరానే.

ఏడు మెట్ల దూరానికున్న మహత్యం వేరు. పంచమానికి పంచమం, దాని పంచమానికి పంచమం అంటూ ఏడేసి గెంతితే పన్నెండు మెట్లూ తిరిగాక గాని మొదటి చోటికి రారు. మూడేసి గెంతేవాడు నాలుగు అడుగుల్లో, నాలుగేసి గెంతేవాడు మూడు అడుగుల్లో తిరిగొచ్చి అక్కడక్కడే తిరుగుతుంటాడు.

గోప్రియని పాడేవాళ్ళు ఎలా నిలబెడతారు మరి? తంబురా నిలబెడుతుంది. వెనక షడ్జం మోగుతున్నంత సేపూ ఆరు స్వరాలూ సమానం కావు. ఒకదానికి ఇల్లు దొరికింది, మిగతా అయిదూ దానికి ఇంతింత దూరం అని చెవి కొలుచుకుంటుంది. తంబురా ఆపేసి అదే రాగం హార్మోనియం మీద వాయిస్తే నిమిషంలోపే నేల కనబడదు. ఫ్రెంచి స్వరకర్త క్లోద్ దెబ్యుస్సీ 1910లో అచ్చయిన తన ప్రెల్యూడ్‌ల మొదటి సంపుటిలో ‘వ్వాల్’ అన్న పియానో రచనని దాదాపు మొత్తం హోల్ టోన్ స్కేలులోనే నడిపాడు. దాని అడుగున ఏం చేశాడో చూడండి: ఆరున్నర శ్రుతి మంద్రస్వరాన్ని పట్టుకుని వదల్లేదు, మాటిమాటికీ మోగిస్తూనే ఉన్నాడు. తంబురా లేని దేశంలో తంబురా అవసరం ఆయనకీ తగిలింది. మధ్యలో కొన్ని క్షణాలు మాత్రం ఆ స్కేలు వదిలి నల్లమెట్ల మీదికి వెళతాడు. నల్లమెట్లు అంటే నాలుగున్నర శ్రుతి మోహనం, దాని నాలుగు గ్రహభేదాలు. ఎగుడుదిగుడు దూరాలు రాగానే ఆ రచన ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది.

పాశ్చాత్యులు ఈ దారిలో చాలా దూరమే వెళ్ళారు. ఫ్రాంజ్ లిస్ట్ 1850లలో రాసిన ‘ఫౌస్ట్ సింఫనీ’ నాలుగు ఆగ్‌మెంటెడ్ త్రిభుజాలతో మొదలవుతుంది. నాలుగు త్రిభుజాలంటే పన్నెండు స్వరాలూ వచ్చేసినట్టే. ఒలివియే మెస్సియా 1944లో తన సంగీతభాష గురించి రాసిన పుస్తకంలో తిరుగుడు సౌష్ఠవం ఉన్న ఏడు స్కేళ్ళని వరసగా పెట్టాడు. అదే మెస్సియా పదమూడో శతాబ్దపు శార్ఙ్గదేవుడి ‘సంగీతరత్నాకరం’లోని దేశీ తాళాలని చదివి తన రచనల్లో వాడుకున్నాడు, ముందు నుంచీ వెనక నుంచీ ఒకేలా నడిచే లయల మీద ఆయనకి ప్రత్యేకమైన మక్కువ. అమెరికాలో జాన్ కోల్ట్రేన్ 1959లో రికార్డు చేసిన ‘జెయంట్ స్టెప్స్’లో షడ్జమే మూడు చోట్లకి గెంతుతూ పోతుంది: ఏడు, ఐదు, రెండున్నర శ్రుతులు. కీరవాణిలో మనం చూసిన త్రిభుజమే అది. అక్కడ మూడూ ఒక రాగంలోని స్వరాలు, ఇక్కడ మూడూ మూడు షడ్జాలు.

ఇంతవరకూ పన్నెండు మెట్లూ సమానమని ఒప్పుకుని లెక్క చేశాం. ప్రకృతి అలా ఒప్పుకోలేదు. తంబురా తీగని శ్రద్ధగా వింటే షడ్జంలోంచే అంతర గాంధారం తనంతట తాను పలుకుతుంది. ఆ స్వయంభూ గాంధారం షడ్జానికి సరిగ్గా నాలుగింట అయిదు వంతులు. షడ్జం క్షణానికి 240 కంపనాలైతే గాంధారం 300. ఇప్పుడు త్రిభుజం కట్టండి. 300కి గాంధారం 375. 375కి గాంధారం 468.75. మూడో గెంతుకి పై షడ్జం, అంటే 480 రావాలి. పదకొండుంపావు తక్కువ పడింది. సాధారణ గాంధారంతో చతురస్రం కడితే తప్పు రెండో వైపు జరుగుతుంది. ఒక్కో గెంతు అయిదింట ఆరు వంతులు: 288, 345.6, 414.72, 497.66. ఈసారి 480 దాటి దాదాపు పద్దెనిమిది ఎక్కువ. గుండ్రం ఎక్కడా మూసుకోదు. గొంతుతో, వీణతో, శుద్ధమైన శ్రుతితో సంపూర్ణ సౌష్ఠవం అసాధ్యం. మెట్లన్నిటినీ సరిసమానం చేయడానికి ప్రతి స్వరాన్నీ కొంచెం కొంచెం జరిపిన వాద్యం మీదే అది పుట్టింది.

ఆ జరపడం ఎంతో చెవితోనే తెలుసుకోవచ్చు. సమానం చేసిన హార్మోనియంలో 240 షడ్జానికి అంతర గాంధారం 302.4. తంబురా షడ్జం అయిదో అంశ, అంటే దాని కంపనాలకి అయిదు రెట్లు, 1200. హార్మోనియం గాంధారం నాలుగో అంశ సుమారు 1209.5. రెండూ కలిసి మోగితే క్షణానికి తొమ్మిదిన్నర సార్లు వణుకు. స్వయంభూ గాంధారమైతే వణుకే ఉండదు. ఆలిండియా రేడియో 1940 నుంచి మూడు దశాబ్దాలు హార్మోనియాన్ని దూరం పెట్టడానికి చెప్పిన కారణాల్లో గమకం పలకకపోవడంతో పాటు ఈ సమానపు శ్రుతి కూడా ఉంది. అభ్యంతరంలో నిజం ఉన్నా నిషేధం అన్యాయమే. పద్యనాటకాన్ని ఊరూరా మోసిన పెట్టె అది.

చెవి సంగతి ఇంకొంచెం చెప్పాలి. గుండ్రాన్ని సరిగ్గా సగం చేసే ఆరు మెట్ల దూరం, షడ్జం నుంచి ప్రతి మధ్యమం, చెవిని మోసం చేయగలదని ప్రయోగాలు చూపించాయి. రోజర్ షెపర్డ్ 1964లో కంప్యూటర్‌తో ఒక వింత నాదం తయారుచేశాడు. మంద్ర, మధ్య, తారస్థాయుల్లోని ఒకే స్వరాన్ని కలిపి పలికించే నాదం. అది ఏ స్వరమో తెలుస్తుంది గాని ఏ స్థాయిలో ఉందో తెలియదు. అలాంటి నాదాలని వరసగా పైకి నడిపితే ఎప్పటికీ ఎక్కుతూనే ఉన్నట్టు వినిపించి, చివరికి మొదలైన చోటే తేలతాయి. 1986లో డయానా డాయిచ్ అలాంటి రెండు నాదాలని ఆరు మెట్ల ఎడంలో వినిపించి, రెండోది పైకి వెళ్ళిందా కిందికి వచ్చిందా అని అడిగింది. ఒకే జంటని విని కొందరు ఎక్కింది అన్నారు, కొందరు దిగింది అన్నారు, అదీ గట్టి నమ్మకంతో. గుండ్రంలో ఎదురెదురు బిందువుల మధ్య ఎటు నడిచినా దూరం ఒకటే, కాబట్టి చెవి తన అలవాటు చొప్పున ఒక వైపు ఎంచుకుంటుంది. ఆ అలవాటు మనిషి పెరిగిన చోటుని, మాట్లాడే భాషని బట్టి కూడా మారుతుందని కాలిఫోర్నియా వాళ్ళనీ దక్షిణ ఇంగ్లండు వాళ్ళనీ పోల్చి ఆమె తరవాత చూపించింది. కోనసీమ చెవి ఎటు మొగ్గుతుందో కనుక్కోవడానికి ఒక కంప్యూటరూ కాస్త ఓపికా ఉన్న విద్యార్థి చాలు.

మళ్ళీ శంకరగుప్తం విద్వాంసుడి దగ్గరికి వస్తాను. బాలమురళి పెద్దయ్యాక రాగానికి అయిదు స్వరాలైనా ఉండాలన్న కట్టుబాటు దాటి నాలుగు స్వరాలతో, మూడు స్వరాలతో రాగాలు చేశారు. వాటిలో ఎక్కువమందికి తెలిసింది మహతి, నారదుడి వీణ పేరు. 1975లో కె. బాలచందర్ తీసిన ‘అపూర్వ రాగంగళ్’ సినిమా పాటగా కూడా జనంలోకి వెళ్ళింది. షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం, అంతే. ఒకటో శ్రుతిలో ఒకటి, మూడు, ఐదు, ఆరున్నర. దూరాలు నాలుగు, మూడు, మూడు, రెండు.

ఆ దూరాలని ఒక్క క్షణం చూడండి. మూడు, మూడు, మూడు, మూడు అయితే చతురస్రం. మహతి దానికి ఒకే ఒక్క మెట్టు ఎడంలో ఉంది. ఒకటో మెట్టు మీదున్న వేలుని ఒకటిన్నర మీదికి జరిపితే ఒకటిన్నర, మూడు, ఐదు, ఆరున్నర. మన రెండో డిమినిష్డ్ సెవెన్త్ అచ్చంగా అదే. జరగాల్సిన ఆ ఒక్క స్వరం ఏదో గమనించారా? షడ్జం. మన సంగీతంలో ఎప్పుడూ జరగని స్వరం. తంబురా షడ్జాన్ని కట్టేసి ఉంచింది కాబట్టే మహతి రాగం, లేకపోతే సస్పెన్సు మోత.

పాశ్చాత్య విద్యార్థికి ఇవే నాలుగు స్వరాలు డామినెంట్ సెవెన్త్ కార్డుగా తెలుసు. అది వాళ్ళకి నిలకడ లేని కార్డు. అందులో గాంధారానికీ నిషాదానికీ మధ్య సరిగ్గా ఆరు మెట్లు, గుండ్రం సగం. ఆ తూగుడు వల్ల వెంటనే మధ్యమాన్ని ఇల్లు చేసుకుని అక్కడికి చేరాలని వాళ్ళ చెవి తొందరపడుతుంది. మన చెవికి ఆ తొందర లేదు. వెనక షడ్జ పంచమాలు మోగుతుంటే నిషాదం మీద ఎంతసేపైనా నిలబడి, తాపీగా పై షడ్జానికి చేరొచ్చు. అవే మెట్లు, అవే దూరాలు. ఒకచోట ప్రయాణం, ఇంకొకచోట నివాసం. ఈ తేడాకి తంబురా తప్ప మరో కారణం నాకు కనబడదు. సౌష్ఠవానికి అంత దగ్గరగా వెళ్ళి సరిగ్గా ఒక్క మెట్టు ముందు ఆగిన మహతి, బాలమురళి చేసిన రాగాల్లో నా దృష్టిలో అన్నిటికన్నా గొప్ప ఆవిష్కరణ.

ఈ పుస్తకం చదివే సంగీతం టీచర్లకి ఒక విన్నపం. పిల్లలకి మేళకర్తల పట్టిక బట్టీ పట్టించే ముందు గోప్రియనీ మహతినీ కీబోర్డు మీద పక్కపక్కన వాయించి వినిపించండి. మొదట తంబురా లేకుండా, తరవాత తంబురాతో. షడ్జం ఎక్కడుందో వాళ్ళనే పాడి చూపమనండి. గోప్రియకి తంబురా లేనప్పుడు తరగతిలో ఒక్కొక్కరూ ఒక్కో షడ్జం పాడవచ్చు. వాళ్ళలో ఎవరినీ తప్పు పట్టకండి. ఎవరు పాడిందైనా సరైనదే, లెక్క వాళ్ళ పక్షాన ఉంది.